ఉప్పు తినేసిన వైరు

నవంబరు 4, సోమవారం

చమఖండి ఊరి పుణ్యవతి లారీ మళ్ళీ వచ్చింది.

గొలంతరా రోడ్డు మలుపులోనే దాని గొంతు పోల్చుకున్నాను. బజారులో చేపలు దించేసి ఖాళీగా వస్తున్నా, షెడ్డు ముందు చిన్న ఎత్తు ఎక్కలేక మూలుగుతోంది. మీటరులో పసుపు దీపం. స్కానరు తగిలిస్తే అదే కోడు. వెనక నాక్స్ సెన్సారు. కిందటి డిసెంబరులో అదే, ఫిబ్రవరిలో అదే, ఇప్పుడూ అదే.

"ఏటి మిస్త్రీ, మళ్ళీ ఆ ముక్కేనా?" అంది పుణ్యవతి.

ముక్కు అనడం ఆమెకి నేర్పింది కాశయ్య బావ. పొగగొట్టంలో కూచుని, బయటికి పోయే పొగలో విషం ఎంతుందో వాసన చూసి ఇంజనుకి చెప్పే ముక్కు. అది పలకడం మానేస్తే ఇంజను తన బలం తానే తగ్గించేసుకుంటుంది. కొత్త డీజిలు బళ్ళన్నిటికీ ఇదే తంతు.

"పున్నం ఎల్లిన మర్నాడు ఛడఖాయి. కార్తీకమంతా నోరు కట్టుకున్నోళ్ళు ఆ ఒక్క పొద్దు సేపలకి ఎగబడతారు. ఆ పొద్దుకి నా కాడ లారీ లేకపోతే పడవలోళ్ళు ఇంకో షావుకారిని సూసుకుంటారు. ఒకపాలి ఎల్లిపోనోళ్ళు మరి రారు," అంది. తరవాత షెడ్డంతా ఓసారి కలయజూసి, "కాశయ్య లేడు కదా," అంది.

లేడన్నాను.

"తెలుసులే. నా ముందే కదా ఎల్లిపోనాడు."

ఆ సంగతి ఇక్కడ రాయను.

నవంబరు 5, మంగళవారం

భువనేశ్వర్‌కి ఫోన్ చేసి కొత్త సెన్సారుకి చెప్పాను. శుక్రవారం పొద్దుటి బస్సులో వేస్తామన్నారు. సెన్సారే పోయింది. మిషను అబద్ధం చెప్పదు.

ఇంట్లో గౌరి ఈరోజు నాతో ఆరు మాటలు మాట్లాడింది. నీళ్ళు కాగాయి. అన్నం పెట్టాను. గేసు అయిపోనాది.

నవంబరు 6, బుధవారం

రాయనన్నాను. రాయకపోతే చేతిలో పని సాగేట్టు లేదు.

కాశయ్య గౌరికి అన్న. కానీ నాకు గౌరి కంటే ముందు తెలిసింది ఆయనే. ఇద్దరం ఒకే బస్సుల వర్క్‌షాపులో పని నేర్చుకున్నాం. తరవాత చెల్లెల్ని ఇచ్చాడు. తరవాత ఈ షెడ్డు. షెడ్డు వయసు పందొమ్మిదేళ్ళు.

కిందటి డిసెంబరులో పుణ్యవతి లారీకి కొత్త సెన్సారు బిగించింది బావ. రెండు నెలలు తిరక్కుండా ఫిబ్రవరిలో లారీ అదే దీపంతో వచ్చింది. నేను కిందికి దూరి ఊడదీశాను. కొత్తదాని మీద ఉండాల్సిన నంబరు కాగితం లేదు. ఒళ్ళంతా తెల్లటి పొక్కులు. పదేళ్ళ పాత సరుకులా ఉంది. దాన్ని పట్టుకుని ఎదురుగా ఉన్న టీకొట్టు దాకా నడిచాను. బావ బెంచీ మీద కూచుని టీ తాగుతున్నాడు. పుణ్యవతి ఉంది, ఆమె డ్రైవరు ఉన్నాడు, పక్క టైర్ల షాపు వాళ్ళున్నారు.

"కొత్తది ఏటి సేసావు బావా?" అన్నాను.

బావకి అర్థం కాలేదు. "ఏటంతన్నావు?" అన్నాడు.

"పాతది బిగించీసి కొత్తది ఎవుడికి అమ్మావని అడుగుతన్నాను."

బావ నా మొహంకేసి చూశాడు. గ్లాసు బెంచీ మీద పెట్టాడు. అందులో సగం టీ ఉంది. లేచి, షెడ్డు వైపు కాకుండా రోడ్డు వైపు నడిచాడు. చెప్పులు షెడ్డులోనే ఉండిపోయాయి. ఫిబ్రవరి ఎండలో తారురోడ్డు మీద ఒట్టి కాళ్ళతో ఎంత దూరం పోతాడు, తిరిగొస్తాడు అనుకున్నాను.

తప్పు లేనివాడైతే ఒక్క మాటైనా అనేవాడు కదా. అనలేదు. అంటే ఉన్నట్టే కదా. అప్పుడూ అలాగే అనుకున్నాను. ఇప్పుడూ అంతే.

ఆ మర్నాడు ఇంకో కొత్త సెన్సారు నేనే తెప్పించి, నా చేతులతో నేనే బిగించాను. ఇప్పుడు పోయింది ఆ సెన్సారే.

నవంబరు 7, గురువారం

పద్నాలుగో నంబరు స్పానరు కనబడలేదు. గంట వెతికాను. బావ ఉండగా చెయ్యి చాపితే వచ్చి పడేది. నాకు కావలసింది స్పానరు, బావ కాదు.

మధ్యాహ్నం గిన్నె విప్పితే వంకాయ కూర. ఇద్దరికి సరిపోయేంత. తొమ్మిది నెలలుగా గౌరి ఇలాగే పెడుతోంది. బావ ఉన్నప్పుడు తన గిన్నె విప్పకుండా నా గిన్నెలో సగం తినేవాడు. ఇప్పుడు ఆ సగం సాయంత్రం ఇంటికి పట్టుకెళతాను. గౌరి తీసుకుని గిన్నె కడుగుతుంది.

స్కానరు కొన్న రోజు బావ అన్న మాట ఇవాళ ఎందుకో బుర్రలో తిరుగుతోంది. "మిసను సెప్తాది, సరే. మిసనికి ఎవుడు సెప్పాడు?" ఆ రోజు చదువుకోనివాడి మాటలా తోచి నవ్వాను.

నవంబరు 8, శుక్రవారం

కొత్త సెన్సారు వచ్చింది. అట్టపెట్టె నేనే విప్పాను. నంబరు చూసుకున్నాను. బిగించాను. దీపం ఆరింది. డ్రైవరుని పక్కన కూచోబెట్టుకుని ఛత్రపూర్ దాకా తోలాను. లారీ గుర్రంలా పోయింది. వెనక్కి వస్తుంటే రోడ్డు తవ్వి వదిలేసిన చోట నాలుగు కుదుపులు కుదిపింది. దీపం వెలిగింది.

లారీ పక్కకి ఆపేశాను.

డ్రైవరు నెమ్మదిగా, "గోతుల్లో పడితే ఇది ఇలగే ఎలుగుతాది. ఒక్కోపాలి దానంతటదే ఆరిపోతాది. ముందు నుంచీ ఇంతే," అన్నాడు.

"ముందు నుంచీ అంటే?"

"నిరుడు నుంచీ."

"మరి ఫిబ్రవరిలో సెప్పలేదేటి?"

"సెప్దామనే టీకొట్టు కాడికి వచ్చాను. మీరిద్దరూ గొడవ పడిపోనారు కదా."

నా చేత్తో విప్పిన పెట్టెలోంచి వచ్చిన సెన్సారు ఇది. దీన్ని ఎవరు మార్చేశారని అడగను? ఎవరిని పట్టుకుని అడగను?

నవంబరు 9, శనివారం

షెడ్డు తెరవలేదు. గౌరి కారణం అడగలేదు.

నవంబరు 10, ఆదివారం

దొరికింది.

సెన్సారు లోపల సన్నటి పొయ్యి లాంటిది ఉంటుంది. అది ఎర్రగా కాలితేగానీ ముక్కు పనిచేయదు. కాలాలంటే కరెంటు బాగా అందాలి. ప్లగ్గు విప్పి మీటరు పెట్టాను. పన్నెండు ఓల్టులు, నిక్కచ్చిగా. ఫిబ్రవరిలోనూ ఇంతే చూసి, వైరు బాగుంది, తప్పు సెన్సారుదే అని తేల్చేశాను. ఇవాళ ఊరికే చూసి వదల్లేదు. ఆ వైరుకి ఒక పాత హెడ్‌లైటు బల్బు తగిలించాను. బరువు పడితేగానీ వైరు సంగతి తెలీదు. బల్బు వెలగలేదు. లోపలి తీగ కాస్త ఎర్రబడి ఊరుకుంది. మీటరు ఐదుకి పడిపోయింది.

అప్పుడు వెనక నుంచి ముందుకి జానెడు జానెడు తడుముకుంటూ వచ్చాను. చేపల పెట్టె అడుగున నీళ్ళు కారే బెజ్జం ఉంది. ఐసు నీళ్ళు, ఉప్పు, చేపల నెత్తురు మూడేళ్ళుగా బొట్టు బొట్టుగా పడుతున్నది సరిగ్గా ఆ వైర్ల కట్ట మీద. పైన తొడుగు చెక్కుచెదరలేదు. గోరుతో నొక్కితే మెత్తగా దిగింది. బ్లేడుతో చీరితే లోపల రాగి లేదు. పచ్చటి పొడి రాలింది. ఆ పొడి మధ్య రెండు పోగులు మిగిలున్నాయి. కుదుపు వస్తే అవీ విడిపోతాయి, మళ్ళీ తగులుతాయి. ఫిబ్రవరిలో నేను సెన్సారు బిగిస్తూ వైరు లాగి ఉంటాను, పోగులు తగులుకుని ఉంటాయి. అంతే. నా పనితనం అనుకున్నది అదీ.

కొత్త వైరు వేశాను. దాన్ని బెజ్జానికి దూరంగా, పై నుంచి తిప్పి కట్టాను.

తరవాత చేయాల్సిన పని ఒకటి ఉందని తెలుసు. చేయకుండా చాలాసేపు చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను.

ఫిబ్రవరిలో ఊడదీసిన సెన్సారుని పారేయలేదు. సాక్ష్యం అని గుడ్డలో చుట్టి ఇనప బీరువాలో పెట్టాను. దాన్ని తీసి కిరసనాయిలుతో రుద్దాను. కాగితం ఉప్పుకి కరిగిపోయి ఉంటుంది గానీ, లోహం మీద చెక్కిన నంబరు పొక్కుల కింద అలాగే ఉంది. డిసెంబరు బిల్లులో నంబరుతో కలిసింది. దాన్నే లారీకి బిగించి ఇంజను వేడెక్కే దాకా ఆగాను. స్కానరులో అంకెలు కదిలాయి. తడబాటు లేదు. బావ పెట్టిన సెన్సారు బాగుంది. మొదటి రోజు నుంచీ బాగుంది.

తొమ్మిది నెలలు నా బీరువాలోనే ఉంది. ఒక్కసారి తీసి చూడలేదు. చూడాలని తోచలేదని రాయబోయాను. తోచింది. రెండుసార్లు తాళం చెవి చేతిలోకి తీసుకున్నాను కూడా.

నవంబరు 11, సోమవారం

పుణ్యవతి లారీ తీసుకెళ్ళింది. ఏమిటి తప్పు అంది. వైరు అన్నాను. బెజ్జానికి గొట్టం పెట్టించుకోమని చెప్పి, కోసి తీసిన ముక్క చూపించాను. ఆమె ఆ పచ్చ పొడిని చూసి, "అయితే అప్పుడూ ఇదేనా?" అంది.

"లారీ ఏళకి అందింది కదక్కా," అన్నాను.

ఆమె లారీ ఎక్కబోతూ ఆగింది. "ఆ పొద్దు టీకొట్టు కాడ పదిమందిమి ఉన్నాం మిస్త్రీ. నువ్వన్నది అందరం ఇన్నాం," అంది. కోపంగా ఏమీ అనలేదు.

సాయంత్రం గౌరికి చెప్పాను. చేటలో బియ్యం ఏరుతోంది. వైరు సంగతి, నంబరు సంగతి, అంతా చెప్పాను. చెయ్యి ఆపకుండా వింది.

"అన్న తియ్యడని నాకు తెలుసు," అంది.

"మరి నాకు ఒక్కపాలి సెప్పలేదేటి?"

"నువ్వు అడిగితే కదా."

కాసేపటికి చేట పక్కన పెట్టింది. "నెలకో మంగళారం తారాతారిణి అమ్మోరి కొండకి ఎల్తన్నానని సెప్పీదాన్ని. ఒక్క మంగళారమూ ఎల్లలేదు. రంభ రేవుకి ఎల్తన్నాను. అన్న అక్కడ పడవల ఇంజన్లు బాగుసేత్తన్నాడు. ఆ సెప్పులు కూడా నానే అట్టుకెల్లి ఇచ్చాను," అంది. "రేపు మంగళారం. నాను ఎల్లను. నువ్వెల్లు."

తొమ్మిది నెలల్లో ఆమె నాతో ఇంత మాట్లాడింది ఇవాళే.

నవంబరు 12, మంగళవారం

రంభ రేవులో చిలికా సరస్సు చూడ్డానికి వచ్చేవాళ్ళని తిప్పే పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. మూడో పడవ ఇంజను గూట్లోంచి రెండు పాదాలు కనబడ్డాయి. పాదాలు చూసే పోల్చాను. పడవ అంచు మీద చేత్తో తట్టాను.

బావ తల ఎత్తాడు. గడ్డం తెల్లబడింది. కళ్ళజోడు పెట్టుకున్నాడు. నన్ను చూసి, నా వెనక్కి చూశాడు.

"గౌరి రాలేదేటి?"

"నన్ను ఎల్లమంది."

గూట్లోంచి పైకొచ్చి చేతులు తుడుచుకున్నాడు. గౌరి ఇచ్చిన గిన్నె ఒకచేతిలో, సంచి ఒకచేతిలో పట్టుకుని నిలబడ్డాను. సంచిలోంచి వైరు ముక్క, సెన్సారు తీసి ముందు పెట్టాను. సెన్సారు ముట్టుకోలేదు. వైరు తీసుకుని వంచాడు. అరచేతిలో రాలిన పచ్చ పొడిని నాలిక చివర ఆనించి ఉమ్మేశాడు.

"ఉప్పు," అన్నాడు. "ఎక్కడ?"

"పెట్టె బెజ్జం కింద."

"మీటరు పన్నెండు సూపిస్తాది కదా."

"సూపించింది. బల్బు కట్టి సూసాను. పడిపోనాది."

బావ తల ఊపాడు. ఆ ఊపు నాకు తెలుసు. బాగా చేశావు అని నోటితో ఎప్పుడూ అనేవాడు కాదు.

"నాకూ తట్టలేదు ఆ పొద్దు," అన్నాడు. "నానూ సెన్సారే అనుకున్నాను. లేపోతే కొత్తది బిగించీవోడినా?"

బస్సులో కూచుని వరసగా అమర్చుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ మిగల్లేదు. "తప్పు నాది బావా," అన్నాను.

బావ వైరు ముక్కని వంచుతూ, సరిచేస్తూ కూచున్నాడు. నేను ఆగలేకపోయాను. "తియ్యలేదని ఒక్క మాట అనుంటే ఇంత దూరం వచ్చీది కాదు కదా. ఎందుకు అనలేదు?"

"అంటే నమ్మీవోడివా?"

"నమ్మీవోడినే."

"నమ్మీవోడివైతే అడిగీవోడివి కాదు బావా."

ఆ మాట కఠినంగా అనలేదు. ఎవరికో జరిగిన సంగతి చెబుతున్నట్టు అన్నాడు.

షెడ్డుకి రమ్మన్నాను. రానన్నాడు. కోపంతో అనుంటే కాళ్ళు పట్టుకునేవాడిని. కోపం లేదు. "ఇక్కడ ఏడు పడవలు నా సేతి మీద నడుస్తన్నాయి. పొద్దున్నే ఇంజను సూడ్డానికని నీళ్ళ మీదకి ఎల్లొస్తాను. బాగుంటాది. మరి ఆ టీకొట్టు ముందు నుంచి నాను నడవలేను," అన్నాడు.

గిన్నె విప్పి తిన్నాం. గుమ్మడికాయ కూర. అన్నంలో సగం నా వైపు తోశాడు.

బస్సు ఎక్కేముందు, "గౌరిని దొంగసాటుగా రానీకు. నువ్వే తీసుకురా," అన్నాడు.

దారి పొడుగునా ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. ఖాళీది.

నవంబరు 14, గురువారం

షెడ్డులో బావ పనిచేసే బెంచీ మీద వేరే సామాను పెట్టించాను. సాయంత్రం తీయించేశాను.

నవంబరు 16, శనివారం

ఛడఖాయి. తెల్లారేసరికి రోడ్డంతా సైకిళ్ళ మీద చేపల బుట్టలు. పుణ్యవతి లారీ రెండో ట్రిప్పు దించి వస్తూ టీకొట్టు దగ్గర ఆగింది. ఎత్తు ఎక్కేటప్పుడు గొంతు మారలేదు. పుణ్యవతి దిగింది, డ్రైవరు దిగాడు. టైర్ల షాపు వాళ్ళున్నారు. ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. ఇంతకంటే మంచి సమయం రాదనిపించింది. నిజం రాయాలంటే, ఇంకో రోజుకి వాయిదా వేస్తే ఇక చెప్పనని భయం వేసింది.

"ఒక మాట సెప్పాలి," అన్నాను. "ఫిబ్రవరిలో ఇక్కడే నించుని కాశయ్యని ఒక మాట అన్నాను."

టైర్ల షాపు వాడు బిస్కెట్టు ముంచుకుంటూ, "ఏ కాశయ్య? ఆ సెన్సారు దొంగా?" అన్నాడు.

నవ్వుతూ కూడా అనలేదు. ఒక మనిషిని పోల్చుకోవడానికి వాడే గుర్తులాగా అన్నాడు. నేను పెట్టిన పేరు. తొమ్మిది నెలలుగా ఈ బెంచీ మీద బావ పేరు అదే. రోడ్డుకి ఇటు పక్కన కూచుని నేను ఒక్కసారైనా వినలేదు. విని ఉంటాను.

"దొంగ కాదు," అన్నాను. "కాశయ్య కొత్త సెన్సారే బిగించాడు. నంబరు సూసాను. బిగించి సూసాను. బాగా పనిచేత్తంది. పోనాది వైరు. అది సూడ్డం నాకు సేత కాలేదు. సేత కాక ఆయన మీద దొంగతనం వేసాను. ఎవులైనా మరి ఆ పేరు అంటే నా షెడ్డుకి రానక్కర్లేదు."

టీకొట్టు వాడు పాలు పోస్తూనే ఉన్నాడు. లారీల చప్పుడు. టైర్ల షాపు వాడు నేలకేసి చూశాడు. అప్పుడు పుణ్యవతి అందరూ వినేటట్టు, "నాను మా ఊర్లో సెప్తాను. అక్కడా అంతన్నారు," అంది.

అక్కడా అంటున్నారు. చమఖండి దాకా పోయింది.

లారీ వెళ్ళేముందు ఆమె ఐసులోంచి ఒక కానగంత చేపల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. గౌరి పులుసు పెట్టింది. తింటూ, "అన్నకి కానగంతలంటే ఇట్టం," అంది. తెలుసన్నాను. ఇవాళ ఆమె మాటలు లెక్కపెట్టలేదు.

నవంబరు 24, ఆదివారం

గౌరిని రంభ తీసుకెళ్ళాను. అన్నాచెల్లెళ్ళు మాట్లాడుకుంటుంటే నేను పడవల వైపు తిరిగొచ్చాను. టీకొట్టు దగ్గర చెప్పిన సంగతి బావకి నేను చెప్పలేదు. గౌరి చెప్పి ఉంటుంది. వచ్చేటప్పుడు బావ బస్సు దాకా వచ్చాడు. షెడ్డు సంగతి నేను ఎత్తలేదు, ఆయన ఎత్తలేదు.

షెడ్డుకి ఇక రాడు. ఈ మాట ఇవాళ మొదటిసారి రాశాను.

డిసెంబరు 5, గురువారం

మధ్యాహ్నం గిన్నె విప్పుతుంటే ఫోన్ మోగింది. బావ. తనంతట తాను చేయడం ఫిబ్రవరి తరవాత ఇదే. గౌరికేమైనా చెప్పాలేమోననుకున్నాను.

"పనిలో ఉన్నావేటి?" అన్నాడు.

లేదన్నాను.

"ఇక్కడ ఒక పడవ ఇంజను తేడాగా పలుకుతున్నాది. నాకు అందటం లేదు. ఒకపాలి ఇను," అని ఫోను ఇంజను దగ్గర పెట్టాడు.

చెవికి గట్టిగా ఆనించుకున్నాను. ఇంజను చప్పుడు. దాని కింద పడవ అంచుకి నీళ్ళు తగిలే చప్పుడు. దూరంగా ఏవో పక్షులు, ఎవరో ఒడియాలో కేకేసి ఎవరినో పిలుస్తున్నారు. బావ ఒకసారి దగ్గాడు.

మూడో సిలిండరో నాలుగోదో ఒకటి తప్పుతోంది. ఇంజెక్టరు విప్పి కడిగితే సరిపోతుంది. మొదటి అర నిమిషంలోనే తెలిసిపోయింది. పనిలో చేరిన మొదటి ఏడాది కుర్రాడికైనా తెలుస్తుంది. బావకి తెలియకుండా ఉండదు.

"ఏటి, తెలిసిందా?" అన్నాడు, చప్పుడు మీదుగా అరుస్తూ.

"సరిగా అందటం లేదు బావా," అన్నాను. "ఇంకొంచెంసేపు అలగే పెట్టు."

"అలగే," అన్నాడు. పెట్టాడు.